నాలుగో నెల జ్వరం

పచ్చి కైమా చిటికెడు నాలుక మీద పెట్టుకుని ఉప్పు చూసి ఊసేయడం మెహర్‌కి అత్త సర్దార్‌బీ నేర్పిన పని. కనిగిరి బస్టాండు దగ్గర భర్త కలీం నడిపే కబాబుల బండికి రోజూ మధ్యాహ్నం మూడు కిలోల మాంసం కొట్టేది మెహరే. "మావాడి చేతిలో ఏదో రుచి ఉంది" అని సర్దార్‌బీ వచ్చినవాళ్ళందరికీ చెప్పుకునేది.

రెండువేల మూడులో, నాలుగో నెల కడుపుతో ఉండగా మెహర్‌కి సన్నగా జ్వరం తగిలింది. మెడ పక్కన గోలీకాయలంత బిళ్ళలు కట్టాయి. ఒళ్ళు దూదిలా తేలిపోయేది. మిద్దె మీద ఆరబోసిన మిరపకాయల ఘాటు ఎక్కడో వేరే ఊరి నుంచి వస్తున్నట్టుండేది. చేతిలో కత్తి ఆడుతూనే ఉన్నా, తను ఏదో నీళ్ళ అడుగున కూర్చున్నట్టు, పక్కనే బిడ్డ మెల్లగా ఈదుతున్నట్టు, ఇద్దరూ మాటలు లేకుండానే కబుర్లాడుకుంటున్నట్టు అనిపించేది. ఆ మత్తు ఆమెకు నచ్చింది కూడా. ఎవరూ పనికి పిలవని చోటు ఆమెకి అదొక్కటే. డాక్టరుకి చూపిద్దామా అని ఒకసారి అడిగితే, "కడుపుతో ఉన్నాక నీరసం రాదా ఏంది?" అన్నాడు కలీం. వారానికి జ్వరం దానంతటదే పోయింది.

ఆడపిల్ల పుట్టింది. జమీలా అని పేరు పెట్టారు. మూడో నెల వచ్చినా పిల్ల కుడికన్ను తల్లి ముఖాన్ని దాటిపోయి గోడ మీద ఎక్కడో ఆగేది. మెలకువలోనే కలగంటోందేమో అనుకుంది మెహర్. చాలా రోజులు అలాగే అనుకోవాలని చూసింది. చివరికి ఒంగోల్లో కంటి డాక్టరమ్మ లైటు వేసి చూసి, తల్లీబిడ్డలిద్దరికీ రక్తపరీక్ష చేయించింది.

"టాక్సోప్లాస్మా అని ఒక క్రిమి అమ్మా. పచ్చి మాంసంలో ఉండొచ్చు, పిల్లులు తిరిగే మట్టిలో ఉండొచ్చు. కడుపుతో ఉన్నప్పుడు నీకు మొదటిసారి సోకి బిడ్డకి చేరింది. కుడికంట్లో మచ్చ పడింది, ఆ చూపు పూర్తిగా రాదు. ఏడాది పాటు మందు వాడితే ఎడమకన్ను కాపాడుకోవచ్చు."

"మా ఇంట్లో ఎవరికీ రానిది ఈమెకే ఎందుకొచ్చింది?" అన్నాడు కలీం.

"మిగతావాళ్ళకి ఎప్పుడో వచ్చి, తెలియకుండానే పోయి ఉంటుంది."

ఇంటికొచ్చాక సర్దార్‌బీ మాట మార్చేసింది. "పెరట్లో పిల్లికి పాలు పోసింది, అదే తగులుకుంది. మాంసం సంగతి బయట అనబాక. బండి మూతపడుద్ది, పిల్లకి సంబంధాలు రావు."

మెహర్ ఏడాదంతా మాత్రలు నూరి పోసింది. నెలకోసారి పిల్లనెత్తుకుని ఒక్కతే ఒంగోలు బస్సెక్కింది. ఎడమకన్ను నిలిచింది. కైమా పని మరిది సలీం భార్య నగ్మా మీద పడింది.

నగ్మాకి మూడో నెల. ఒక మధ్యాహ్నం జమీలాని జోకొడుతూ తనూ కునికిన మెహర్ కళ్ళు తెరిచేసరికి, పెరట్లో ఎవరో ఆడమనిషి వేళ్ళు నోటి దగ్గరికి తీసుకెళ్తోంది. అది నగ్మానో, రెండేళ్ళ కిందటి తనో ఒక్క క్షణం తెలియలేదు. గబుక్కున లేచింది.

"ఊసెయ్ నగ్మా! నోరు కడుక్కో."

"ఉప్పేగా అక్కా చూసేది?"

మెహర్ ఆమె పక్కన చతికిలబడి జ్వరం సంగతి, బిళ్ళల సంగతి, డాక్టరమ్మ అన్న ప్రతి మాటా చెప్పింది. గడపలో అత్త నిలబడి వింటోందని తెలిసీ గొంతు తగ్గించలేదు. నగ్మా లేచిపోయి నోరు పుక్కిలించింది.

మర్నాడు పొద్దున్నే జమీలాని చంకనేసుకుని, నగ్మా చెయ్యి పట్టుకుని బయల్దేరింది. కలీం వాకిట్లో అడ్డంగా నిలబడ్డాడు.

"ఎవర్నడిగి పోతున్నారు ఒంగోలు?"

"అడగలేదు," అంది మెహర్, చెప్పులు తొడుక్కుంటూ. "చెప్పి పోతున్నాం."