మొదటి మాట ఓనర్‌ది

మగ్గాల మోతలో పనిచేసి వచ్చే మనిషికి ఇంట్లో మాటలు మిగలవు. గణపతీ అలాంటివాడే. సూరత్‌ పక్కన ఉధనాలో ఒక పవర్‌లూమ్ కార్ఖానాలో ఫిట్టరు. తిన్నావా అంటే తల ఊపేవాడు, కూర బాగుందా అంటే ఇంకొంచెం వడ్డించుకునేవాడు. భార్య భాగీరథి సూరత్ మున్సిపాలిటీ తెలుగు బడిలో టీచరు. తెలియకపోతే తెలియదని రాయండి, పక్కవాడిది చూసి మాత్రం రాయకండి అని పిల్లలకు చెప్పీ చెప్పీ గొంతు అరిగిన మనిషి. ఇంటికొస్తే గోడతో కాపురం చేస్తున్నట్టు ఉండేది. పెళ్లయిన చాలా ఏళ్లకు ఆ గోడకు ఒక కిటికీ పడింది. ఆ కిటికీ ఒక వాట్సాప్ గ్రూపు.

దాని పేరు 'పాత ఇనుము'. పాత కార్లను ఎముకల దాకా విప్పి, మడ్‌గార్డులూ బానెట్టూ తీసేసి, ఇంజను బయటికి కనిపించేలా మళ్లీ బిగించుకునే పిచ్చివాళ్లంతా అందులో ఉన్నారు. అలాంటి బండిని హాట్ రాడ్ అంటారని గణపతే ఆమెకు చెప్పాడు. కొత్త సామాను వాడకూడదు, ప్రతి ముక్కా ఏదో ఒక పాత బండి నుంచే రావాలి, చేత్తోనే సరిచేసుకోవాలి అన్నది వాళ్ల పట్టుదల. అలాంటి బండిని రోడ్డు మీదికి తేవడానికి చట్టం ఒప్పుకోదు. అయినా చేసేవారు. కోరుట్లలో లేతు మిషను నడిపే బ్రహ్మచారి అందులో పెద్ద తలకాయ. ముగ్గురు ఆడపిల్లల తండ్రి, పేరుకే బ్రహ్మచారి. భర్త పోయాక నిజామాబాదులో లారీల షెడ్డు నడుపుకుంటున్న లలితమ్మ ఇంకొకరు. లలితమ్మ జీపు పేరు 'అత్త గురక', బ్రహ్మచారి బండి పేరు 'ఇసుర్రాయి'. ఆ పేర్లు విని భాగీరథి నవ్వింది గానీ ఎందుకు పెట్టారని ఎప్పుడూ అడగలేదు.

గణపతి ఒక పాత ఫియట్‌ను తుక్కు కింద కొని ఇంటి వెనక రేకుల షెడ్డులో పెట్టుకున్నాడు. మొదటి లాక్‌డౌన్‌లో మగ్గాలు ఆగిపోయి, గల్లీలో వాళ్లంతా మూటలు నెత్తిన పెట్టుకుని ఊళ్ల దారి పడితే, అతన్ని నిలబెట్టింది ఆ తుక్కే. పొద్దున లేస్తూనే ఫోను చెవికి పెట్టుకుని షెడ్డులోకి పోయేవాడు. అతని నవ్వు వంటింట్లోకి వినిపించేది. అది ఆమెకు కొత్త. అన్నం దగ్గర కార్బొరేటర్ గురించి చెప్పేవాడు. ఆమెకు అర్థమయ్యేది కాదు, అయినా మళ్లీ మళ్లీ చెప్పించుకునేది.

"ఇది నడువనీ, నిన్ను డుమస్ సముద్రం కాడికి తీస్కపోత. టమాటా భజియా తిందం," అన్నాడొకనాడు.

"రోడ్డెక్కని బండి మీద డుమస్ ఎట్ల పోతమయ్యా?"

"నువ్వు ఎన్కనుంచి నూకు టీచరమ్మా, నేను స్టీరింగ్ పడ్త."

మరుసటి ఎండాకాలానికి ఇంజను బిగించడం అయిపోయింది. స్టార్టర్ మోటారు ఒక్కటే రావాలి. వైండింగుకు ఇచ్చిన కొట్టు మూతపడింది, కొట్టు యజమానే జబ్బుపడ్డాడన్నారు. ఆ వారంలోనే గణపతికి జ్వరం వచ్చింది. జ్వరం దగ్గయింది, దగ్గు ఆయాసమయింది. ఆటోలో ఆసుపత్రులు తిరగ్గా తిరగ్గా ఒకచోట మంచం దొరికింది. భాగీరథిని గేటు దగ్గరే ఆపేశారు. లోపల ఏం పెడుతున్నారో, ఏ మందు ఇస్తున్నారో అడుగుదామన్నా అడగడానికి మనిషి దొరకలేదు. అతను ఫోను చేసినప్పుడు మాస్కు వెనక నుంచి వచ్చే మాటలే ఆమెకు దిక్కు.

ఒకరోజు అతనే అన్నాడు. "ఇంజన్ ఒక్కసారి గూడ తిరగలె టీచరమ్మా. జర దాని చప్పుడు ఇనబడితె బాగుండు."

తన చేతిలో ఉన్న పని అదొక్కటే అనిపించింది ఆమెకు. ఆసుపత్రికి పోతూ గణపతి తననూ చేర్చిన గ్రూపులో నంబరు చూసి బ్రహ్మచారికి ఫోను చేసింది. గణపతిని అతను బావా అని పిలిచేవాడు గనక ఈమెను చెల్లె అన్నాడు. స్టార్టర్ లేకున్నా పాత ఫియట్‌ను ముందునుంచి ఇనుప హ్యాండిల్‌తో తిప్పి లేపవచ్చునన్నాడు. మర్నాడు పొద్దున్నే, ఆన్‌లైన్ క్లాసుల కోసం కొన్న ఫోనులో అతన్ని వీడియోలోకి పిలిచి గోడ మేకుకు తగిలించింది. చప్పుడు పట్టడానికి తన ఫోనును ఇంజను పక్కన పెట్టింది. అతను చెప్పినట్టే ఎదురింటివాళ్ల స్కూటరు బ్యాటరీ తెచ్చి తీగలు కలిపింది. పెట్రోలు సీసాను తలకిందులుగా వేలాడదీసి గొట్టం కార్బొరేటర్‌కు తగిలించింది.

"బొటనేలు చుట్టు తిప్పి పట్టకు చెల్లె. నాలుగు వేళ్ల పక్కకే పెట్టు. హ్యాండిల్ ఎదురు తిరిగితె ఏలు ఇరుగుతది," అన్నాడు బ్రహ్మచారి. "రేడియేటర్ల నీళ్లు లెవ్వు, జర సేపు నడిచినంక బంద్ చెయ్యి."

తిప్పింది. రాలేదు. చోక్ లాగమన్నాడు, లాగి తిప్పింది. చీర కుచ్చిళ్లు దోపుకుని తిప్పింది. భుజం పట్టేసింది. అతను మాత్రం మగ్గం ముందు కొత్త పనివాణ్ణి నిలబెట్టినట్టు ఓపికగా, ఇంకొక్కసారి, ఇంకొక్కసారి అంటూనే ఉన్నాడు. చివరికి ఇంజను ఒక్క దగ్గు దగ్గి అందుకుంది. రేకులు అదిరాయి. భాగీరథి తెరవైపు తిరిగి చూసింది. బ్రహ్మచారి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. ఒక్క మాటైనా అనకుండా ఫోను పెట్టేశాడు.

నెట్టు పోయిందేమో అనుకుంది. ఇంజను ఆపి, పట్టిన చప్పుడును గణపతికి పంపింది, గ్రూపులో పెట్టింది. ఆసుపత్రి నుంచి జవాబు రాలేదు. అప్పటికే అతన్ని ఐసీయూలోకి మార్చారని సాయంత్రం తెలిసింది. గ్రూపు నుంచీ జవాబు రాలేదు. ఒక బోల్టు ఫొటో పెడితే వంద మాటలు మాట్లాడుకునే మనుషులు, గణపతి ఇంజను తిరిగితే ఒక్కరూ బాగుందనలేదు. మర్నాడూ అంతే. ఆమె మనసు విరిగింది.

తర్వాతి వారంలో గణపతి పోయాడు. మూటకట్టిన మనిషిని దూరం నుంచి చూపించి తీసుకుపోయారు. సొంతూరు కరీంనగర్ నుంచి ఎవరూ రాలేకపోయారు. అతను ఆ చప్పుడు విన్నాడో లేదో చెప్పగలిగినవాళ్లు లేరు. వార్డులో పనిచేసేవాళ్లను అడిగింది. ఏ మంచం అన్నారు. చెప్పింది. గుర్తులేదన్నారు. గ్రూపుకు ఆమె కబురు చెప్పలేదు. ఇంజను తిరిగినప్పుడు పలకనివాళ్లకు చావు కబురు ఎందుకనుకుంది.

వానలు మొదలయ్యాక లలితమ్మ ఫోను చేసింది. వెనక ఎవరో రేకు మీద సుత్తితో కొడుతున్నారు.

"బిడ్డా, గణపతి ఇంటికొచ్చిండా? ఇంక మాట రాయలేదని చేసిన. అందరం ఆగి ఉన్నం."

ఎందుకు ఆగారని అడిగింది భాగీరథి.

లలితమ్మ ఆశ్చర్యపోయింది. ఈ సంగతి ఆమెకు తెలియదని వాళ్లెవరికీ తట్టనే లేదు. ఇంజను మొదటిసారి తిరిగినప్పుడు మొదటి మాట ఓనర్‌దేనట. ఆ చప్పుడు దేనిలా ఉందో అతను ఒక్క మాటలో రాయాలి. బండికి అదే పేరు. అది రాసేదాకా మిగతావాళ్లు నోరు విప్పకూడదు. తన జీపు తిరిగిననాడు లలితమ్మ 'అత్త గురక' అని రాసిందట. బ్రహ్మచారి అలవాటు కొద్దీ ఆనాడు నోరు మూసుకున్నాడట. గణపతి బావే ముందు అనాలని ఇన్నాళ్లూ ఎవరి బండి ఫొటో కూడా పెట్టనివ్వలేదట.

"నీకు ఫోన్ చేద్దమంటె భయమైంది బిడ్డా. అసలే ఆస్పత్రుల ఉన్న మనిషాయె."

భాగీరథి రెండు ముక్కల్లో చెప్పింది. అవతల లలితమ్మ ఎవరినో ఆగమన్నది. సుత్తి చప్పుడు ఆగిపోయింది.

"ఇగ ఓనర్‌వు నువ్వే. మొదటి మాట నువ్వే రాయాలె. నువ్వు రాస్తెనే మేం ఏడుస్తం."

భాగీరథి షెడ్డులోకి పోయి ఆ చప్పుడు పెట్టుకుని వింది. మగ్గంలా ఉందనిపించింది. మళ్లీ వింది, రేకుల మీద వానలా ఉంది. చివర ఇంజను ఆగిపోయాక, తన గొంతే ఆయాసపడుతూ "ఇన్నవా?" అని అడగడం వినిపించింది. అలా అడిగినట్టు ఆమెకు గుర్తే లేదు. గణపతి అయితే ఏమని రాసేవాడు? కిటికీ పడ్డాక కూడా అతని మాటలన్నీ ఆమె వినలేదు. ఏదో ఒకటి తోచినట్టు రాస్తే, అది అతని మాట అవదు.

'తెలియదు' అని రాసి పంపింది.

తర్వాత బ్రహ్మచారి 'చెల్లె' అని మాత్రం రాశాడు. దాని వెనకే ఒక్కొక్కరూ రావడం మొదలుపెట్టారు. ఎవరెవరో, ఏయే ఊళ్ల వాళ్లో, గణపతి తమతో ఏమన్నాడో, ఏ సాయం చేశాడో రాస్తున్నారు. ఆమెకు అక్షరాలు కనిపించలేదు. ఫోనును సీటు మీద పెట్టింది.

హ్యాండిల్ ఆనాడు వదిలినచోటే ఇంజనుకు గుచ్చి ఉంది. సీసాలో పెట్రోలు ఎప్పుడో ఆవిరైపోయింది. ఆమె వంగి హ్యాండిల్ పట్టుకుంది, బొటనవేలు నాలుగు వేళ్ల పక్కనే పెట్టి. తిప్పలేదు. సీటు మీద ఫోను మోగుతూనే ఉంది.