పసుపు జెండా

కొరియాలోని గున్సాన్ ఊళ్ళో మనిషి లేని ఐస్‌క్రీం దుకాణాలు వీధికొకటి ఉన్నాయి. సరుకు మనమే తీసుకోవాలి, మిషన్‌కి మనమే చూపించాలి, డబ్బు మనమే కట్టాలి. ఏప్రిల్లో ఒక సాయంత్రం గుమ్జా మూడు ఐస్‌లు తీసుకుని రెండింటికే కట్టింది. కెమెరాలో పడింది. యజమాని ఫిర్యాదు చేశాడు.

ఆమెకు డెబ్బై ఒకటో ఏడు. అంతకుముందు ఏ కేసూ లేకపోవడంతో పోలీసులు ఆమెను చిన్న నేరాల కమిటీ ముందుకు పంపారు. కమిటీ మందలించి వదిలేయవచ్చు, కోర్టుకు పంపనూవచ్చు. కోర్టుకు వెళితే ఆమె పని పోతుంది. రోజూ పొద్దున బడి ముందు పసుపు జెండా అడ్డం పెట్టి, కార్లు ఆపి, పిల్లల్ని రోడ్డు దాటించే పని అది. భర్త పోయాక ఆమె తెల్లారి లేచేది దానికోసమే.

కమిటీ ముందు ఏం చెప్పాలో నేర్పడానికి చెల్లెలు మల్సూన్ వచ్చింది. ఇద్దరూ వంటింట్లో కూర్చుని వెల్లుల్లి ఒలుస్తున్నారు. మల్సూన్ కమిటీ అధ్యక్షుడి గొంతు పెట్టింది.

"మూడోదానికి ఎందుకు కట్టలేదు?"

"గుర్తులేదండీ."

"తల వంచి చెప్పక్కా. హారన్ కొట్టిన లారీవాణ్ణి చూసినట్టు చూస్తావేం?"

గుమ్జా నవ్వింది. తరువాత, తనకు గుర్తుంది కదా అంది. మిషన్ మూడోదాన్ని చదవలేదు. మళ్ళీ చూపించినా చదవలేదు. చెప్పుకుందామంటే మనిషి లేడు. విసుగొచ్చి సంచిలో వేసుకుంది.

"ఆ మాటంటే దొంగతనం అవుతుంది."

"దొంగతనమేగా."

మల్సూన్ చాకు కింద పెట్టింది. గుర్తులేదంటే నమ్ముతారని, సెంటర్ వాళ్ళ కాగితం పోలీసులకు ముందే ఇచ్చానని చెప్పింది. ఏ సెంటరని అడిగింది గుమ్జా.

"మొన్న గడియారం బొమ్మ గీశావు కదా. అక్కడే."

కళ్ళ పరీక్ష ఉచితమని మల్సూన్ తీసుకెళ్ళిన చోటు అది. ఒక అమ్మాయి గడియారం గీయమంది. గుమ్జాకు కాగితం మీద గీతలు ఆనలేదు. అంకెలన్నీ ఒక పక్కకే పోయాయి. కళ్ళజోడు ఇంట్లో పెట్టి రమ్మన్నది మల్సూనే.

"అది మతిమరుపు పరీక్షా?"

"నీ మంచికే అక్కా. కోర్టు మెట్లెక్కుతావా ఈ వయసులో?"

"మతి లేనిదాని చేతికి జెండా ఇస్తారటే?"

మల్సూన్ వెల్లుల్లి పొట్టు ఒక దగ్గరికి నెట్టింది. ఆ సంగతీ తాను ఆలోచించానని, ఆ పనికి మనుషుల్ని పెట్టే జెండా వాళ్ళ పెద్దతో మాట్లాడానని చెప్పింది.

"పరాయివాళ్ళకి పోకూడదని నా పేరు ఇచ్చాను. ఆ పనికి ఎన్నాళ్ళ నుంచి లైన్లో ఉన్నానో నీకు తెలుసుగా."

గుమ్జా చేతిలో ఉన్న రెబ్బ ఒలవడం పూర్తి చేసింది. మళ్ళీ అడగమంది. మల్సూన్ అడిగింది. గుమ్జా తల వంచి, గుర్తులేదండీ అంది. ఇప్పుడు బాగుంది అంది మల్సూన్.

కమిటీ గదిలో మల్సూన్ ఆమె పక్కనే కూర్చుంది. అధ్యక్షుడు గట్టిగా, ఒక్కొక్క మాట విడదీసి మాట్లాడాడు.

"అమ్మమ్మగారూ, ఆ రోజు ఏం జరిగిందో గుర్తుందా?"

"నాకు బాగానే వినబడుతుంది బాబూ. గుర్తుంది."

మల్సూన్ ఆమె చీలమండను కాలితో తట్టింది. గుమ్జా కాలు జరుపుకుని, జరిగింది జరిగినట్టు చెప్పింది. రెండు పుచ్చకాయ రుచివి, ఒకటి ఎర్ర చిక్కుడు గింజల రుచిది. మిషన్ చదవనిది చిక్కుడుది. ఆ రోజు తలెత్తి కెమెరాను కూడా చూశానంది.

"అయితే తెలిసే తీసుకున్నారా?"

"తెలిసే. తప్పు నాదే. గడియారం కూడా గీస్తాను, కళ్ళజోడు తెచ్చుకున్నాను."

గడియారం సంగతి కమిటీలో ఎవరూ అడగలేదు. తప్పు ఒప్పుకున్నందుకు మందలించి వదిలేశారు. మల్సూన్ బయట బస్‌స్టాప్ దాకా ఏడుస్తూ వచ్చింది. గుమ్జా వేరే బస్సెక్కింది.

జెండా వాళ్ళ పెద్ద టీ ఇచ్చి కూర్చోబెట్టాడు. కేసు లేకపోవడం సంతోషమన్నాడు. కొత్త పేర్లు మాత్రం పై ఆఫీసుకు వెళ్ళిపోయాయని, ఒకసారి మతిమరుపు మాట వచ్చాక పిల్లల తల్లులు ఒప్పుకోరని చెప్పాడు.

నెల మారిన మొదటి సోమవారం గుమ్జా ఎప్పటి వేళకే లేచి బడి దగ్గరికి వెళ్ళింది. అవతలి వైపు పసుపు కోటులో మల్సూన్ ఉంది. అక్కను చూసి, జెండా అడ్డం పెట్టి కార్లు ఆపింది. పిల్లలు దాటారు. మల్సూన్ జెండా దించలేదు. వెనక కార్లు హారన్లు కొడుతున్నాయి.

గుమ్జా దాటలేదు.