అడ్డాకుల్లో నైలాన్ దారం

"రేపొకపాలి ఎయిర్‌పోర్టుకి రండమ్మా, మాటాడాలి" అని మాత్రం చెప్పి ప్రేమావతి ఫోను పెట్టేసింది. ఆ పూట రాజులమ్మకు అన్నం సయించలేదు.

నర్సీపట్నంలో రాజులమ్మ నడిపే విస్తరాకుల పాకకు కొయ్యూరు కొండల నుంచి అడ్డాకుల మోపులు దిగుతాయి. ఆకు కోసేవాళ్లు, ఎండబెట్టేవాళ్లు, కుట్టేవాళ్లు అందరూ ఆడవాళ్లే. ప్లాస్టిక్ మానేయాలని ఎయిర్‌పోర్టు వాళ్లు నిరుడు అనుకున్నప్పటి నుంచి వాళ్ల క్యాంటీనుకు విస్తళ్లన్నీ ఈ పాక నుంచే వెళ్తున్నాయి. పెళ్లిళ్లు లేని మూఢాల్లో కూడా వాళ్ల ఇళ్లలో పొయ్యి వెలుగుతోందంటే దాని చలవే.

"పిలిసింది గానీ ఎందుకో సెప్పలేదు. ఆర్డరు తీసెత్తారేటే?" అంది రాజులమ్మ మర్నాడు బస్సులో.

"ఎల్లకుండానే ఏడుపు మొదలెట్టకు. ముందు ఎల్దాం" అంది పక్కన కూర్చున్న కామమ్మ. పాకలో మిషను మీద కుట్టేది ఆమే.

ప్రేమావతి గేటు దగ్గరే నిలబడి ఉంది. ఎయిర్‌పోర్టులో చెత్తను ఎరువు చేయించే పని ఆమెది. ఇద్దరినీ వెనకవైపు రేకుల షెడ్డులోకి తీసుకెళ్లింది. తిన్న విస్తళ్లు, మిగిలిన కూరలు గోతుల్లో కుళ్లి నల్లటి ఎరువవుతాయి. దాన్ని పూలమొక్కలకు వేస్తారు. ఆ ఎరువు కుప్ప పక్కనే మేకుకు పిచ్చుకగూడంత దారపు ఉండ వేలాడుతోంది. ఎరుపు, పసుపు, ఆకుపచ్చ.

కామమ్మ గతుక్కుమంది. అది ఆమె మిషను మీద కుట్టే నైలాన్ దారమే.

"ఆకు కుళ్లిపోతంది, ఇది కుళ్లట్లేదు" అంది ప్రేమావతి. "ఇన్నాళ్లూ నేనూ మా పనోల్లూ ఏరి పారేసినాం. మొన్న పూలమొక్కల్లో అయ్యగారి కంటబడింది. ఆర్డరు ఆపీమన్నారు. ఒకపాలి ఆల్లని పిలిసి అడుగుదాం బాబూ అని నేనే అన్నాను."

అంతలో ఈశ్వరరావు గారు వచ్చారు. శుభ్రత వ్యవహారాలన్నీ చూసే ఆఫీసరు. ఆయన కోప్పడలేదు. దారపు ఉండ చేతిలోకి తీసుకుని, "మొదట్లో పుల్లలతో కుట్టినవే పంపేవారు కదమ్మా. ఎందుకు మార్చారు?" అని అడిగారు.

రాజులమ్మ తల దించుకుంది. "ఇమానాలెక్కే పెద్దోళ్లు తింటారు గదా బాబూ. వెదురు పుల్ల ఏలికి గుచ్చుకుంటే బాగోదని మిషను కొన్నాం. రంగుదారమైతే అందంగా ఉంటాదని ఇదే కుట్టింది."

"నామీద తోసీ" అంది కామమ్మ మెల్లగా.

ఈశ్వరరావు గారికి నవ్వొచ్చింది. "పెద్దవాళ్లకీ పుల్లలే కుట్టండమ్మా. కానీ ఈ కుప్పలో దారం ఉన్నంతవరకూ బయట 'ప్లాస్టిక్ లేదు' అన్న బోర్డు అబద్ధమే. ఇది శుభ్రమైతే ఆర్డరు ఉంటుంది. లేకపోతే నా చేతుల్లో లేదు" అని వెళ్లిపోయారు.

రాజులమ్మ కుప్పకేసి చూసింది, తర్వాత ప్రేమావతి చేతులకేసి. గోళ్లలో నల్లగా మట్టి దిగిపోయి ఉంది.

"తప్పు మాది. మీకెందుకమ్మా ఇంత శ్రమ? నోరు మూసుకుంటే మీకేటి పోయీది?"

"మీ ఆకులు రాకముందు ఇక్కడ ప్లాస్టిక్ ప్లేట్లు తగలెట్టీవోల్లం. ఆ పొగంతా మాకే. ఆదివారం చర్చిలో పాట ఎత్తుకుంటే దగ్గే. సగంలో కూకుండిపోయీదాన్ని." ప్రేమావతి చేతిలోని చీపురు గోడకు ఆనించింది. "ఇప్పుడు పాట పూర్తిగా పాడతన్నాను. నాకెందుకంటారేటి?"

కొండమీద కోసిన ఆకు ఎవరి ఛాతీకి ఊపిరవుతుందో రాజులమ్మ ఎన్నడూ ఆలోచించలేదు. ప్రేమావతి రెండు చేతులూ పట్టుకుని, "రేపు బేగి వచ్చెత్తాం" అంది.

మర్నాడు పాక మూసేసి అందరూ బస్సెక్కారు. జల్లెడలు, చాటలు పట్టుకొచ్చారు. ప్రేమావతి మనుషులతో కలిసి కుప్ప చుట్టూ కూర్చున్నారు. చాట తట్టడం, చెరగడం, పోగు లాగడం. "నీ కుట్టు గట్టిదే కామమ్మా, గోతిలో కూడా ఊడ్లేదు" అని ఎవరో అంటే కామమ్మ కూడా నవ్వేసింది.

మధ్యాహ్నం వెదురు పుల్లలతో కుట్టి తెచ్చిన కొత్త విస్తళ్లు పరిచారు. ప్రేమావతి కళ్లు మూసుకుని ప్రార్థన చేస్తున్నంతసేపూ రాజులమ్మ కలిపిన ముద్ద పట్టుకుని ఆగింది. తిన్నాక విస్తరి మడిచి, పుల్లలతో సహా గోతిలో వేసింది. ఏరాల్సింది ఏమీ లేదు.

పొద్దువాలే వేళకు ఈశ్వరరావు గారు వచ్చి, ఎరువు రెండు చేతులా ఎత్తి వేళ్ల సందుల్లోంచి జారవిడిచారు. ఇంకోచోట ఎత్తారు. "సోమవారం నుంచి పంపండమ్మా" అన్నారు.

తిరుగు బస్సుకు వేళ కాలేదు. చాటలు దులుపుకుంటుంటే ప్రేమావతి పాట ఎత్తుకుంది. పైన విమానం వెళ్తుంటే అందరూ తలలెత్తి చూశారు. రాజులమ్మ మాత్రం ఆమె గొంతునే వింటూ కూర్చుంది, ఎక్కడైనా దగ్గు వస్తుందేమోనని. పాట చివరికంటా వచ్చింది.