బుడ్డి అటూ ఇటూ చూసింది

సిరిసిల్లలో తనను పట్టుకునే మనిషి ఇంకా పుట్టలేదని సాగర్ నమ్మకం. ఆ మాట అద్దం ముందు నిలబడి కూడా చెప్పుకున్నాడు. అద్దం ఎదురు చెప్పలేదు. నిజానికి ఆ మనిషి పుట్టి అప్పటికే ఏడాదిన్నర. పైగా ఆ పూట అతని చంకలోనే ఉండి, మెడలోని మాలను నోట్లో పెట్టుకుని చప్పరిస్తోంది.

ఆ మనిషి సాగర్ అక్క వనజ కూతురు. పేరు శ్రీనిక. ఆ పేరు ఆధార్ కార్డుకు మాత్రమే, ఇంట్లో అందరికీ బుడ్డి. వనజ పొద్దున్నే రెడీమేడ్ బట్టలు కుట్టే పనికి పోతూ బిడ్డను తల్లిగారింట్లో దించిపోయేది. రాత్రి వాడలోని షెడ్డులో సాంచాల మీద, అంటే మరమగ్గాల మీద, బట్ట నేసి వచ్చే సాగర్‌కు పగలు బుడ్డిని ఆడించే పని.

బుడ్డికి ఇంకా మాటలు రాలేదు. మాటలు రానివాళ్ళకు కళ్ళు కూడా సరిగా పనిచేయవని సాగర్ లెక్క. తప్పు లెక్క. బుడ్డి ఒకసారి చూసిందంటే ఆ మనిషి సగం ఆమెలోకి దిగిపోయినట్టే. అమ్మమ్మ చంద్రవ్వ నడుం మీద చేయి పెట్టుకుని పాలవాణ్ణి తిడితే, మరునాడు బుడ్డి నడుం మీద చేయి పెట్టుకుని పిల్లిని తన భాషలో తిట్టింది. ఆ పిల్లి అవమానం పట్టలేక వాడ మారిపోయింది. కరెంటు బిల్లు ఇచ్చే ఆయన చెవి మీద పెన్ను చూసి బుడ్డి చెవి మీద బెండకాయ పెట్టుకుంది. పడుకున్నప్పుడు కూడా తియ్యనివ్వలేదు.

తాత సిద్దిరాములు దవడ ఆపరేషన్ అయినప్పటి నుంచి ఎడమ చెంపను అరచేతిలో పెట్టుకుని, తల ఒక పక్కకు వాల్చి కూర్చునేవాడు. బుడ్డి వచ్చి పక్కన అట్లాగే కూర్చునేది. దానికి మాత్రం ఇంట్లో ఎవరికీ నవ్వు రాలేదు.

ఆ దవడను తిన్నది తంబాకు. అదే తంబాకు కొడుకు పెదవి కింద కూడా ఉందని తెలిసిన రోజు చంద్రవ్వ కొట్టలేదు, తిట్టలేదు. కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

"కొండగట్టు అంజన్న మాల ఏసుకో బిడ్డా. మాల తీసేటాల్లకు గది మానాలె. మీ బాపు లెక్క నీకు గూడ జావ తాపుకుంట కూసోవాల్నంటే నాతోని గాదు."

సాగర్ మాల వేసుకున్నాడు. కాషాయం కట్టాడు. చెప్పులు విడిచాడు. దీక్షలో ఉన్నవాణ్ణి ఎవరైనా స్వామీ అనే పిలవాలి. నిన్నటిదాకా 'దొంగ సచ్చినోడా' అన్న తల్లి 'సామీ, చాయ్ తాగుతవా' అనడం మొదలుపెట్టింది. ఆ మర్యాదకే మనిషి జానెడు ఎత్తు పెరిగాడు. తంబాకు కూడా పూర్తిగా మానేశాడు. మధ్యాహ్నం దాకా.

మధ్యాహ్నం నుంచి ఒళ్ళు ఒళ్ళుగా లేదు. కూర్చుంటే లేవబుద్ధి, లేస్తే తిరగబుద్ధి. చాలీసా చదువుతుంటే నాలుక పెదవి కింద వెతుకులాడుతోంది. చివరికి బుడ్డిని చంకనేసుకుని షెడ్డు వెనక దారం అయిపోయిన కండెల డబ్బా దగ్గరికి పోయాడు. ఎడమ అరచేతిలో తంబాకు, గోటికి సున్నం. బొటనవేలితో నలిపాడు, రెండు చరుపులు చరిచాడు. అటు చూశాడు, ఇటు చూశాడు. పెదవి కింద పెట్టుకున్నాడు. పొట్లం డబ్బాలోకి పోయింది.

ఈ ఒక్కసారే అనుకున్నాడు. మరునాడూ అదే అనుకున్నాడు. ఆ మాట మీద అతనికున్న పట్టుదల గొప్పది, రోజూ తప్పకుండా అనుకున్నాడు. బుడ్డి చంకలోంచి రెప్ప వేయకుండా చూసేది.

కొండగట్టు బయల్దేరే ముందు చంద్రవ్వ ఇంట్లో స్వాములకు భిక్ష పెట్టింది. వనజ పనికి సెలవు పెట్టింది. గురుస్వామి కైలాసం మొదట, మిగతా స్వాములు వరసగా, విస్తరాకుల ముందు కూర్చున్నారు. పప్పు వచ్చింది, అన్నం రాలేదు. అన్నం వచ్చేసరికి పప్పు చల్లారింది. సాగర్ మోకాలు మగ్గం మీద ఎక్కినట్టు ఆగకుండా ఊగుతోంది.

"ఏం సామీ, కింద చీమలున్నయా?" అన్నాడు కైలాసం.

"లేదు గురుసామీ, భక్తి."

"భక్తి మోకాల్లకు పట్టుడు గిప్పుడే సూస్తున్న."

అప్పుడే బుడ్డి తప్పటడుగులు వేస్తూ స్వాముల మధ్యకు వచ్చి నిలబడింది. ఎడమ అరచేయి చాపింది. బొటనవేలితో రుద్దింది. చప్ చప్ మని చరిచింది. చిటికెతో తీసి పెదవి లాగి కింద పెట్టుకుంది.

"అరె, పోరి తంబాకు నలుపుతుంది సూడుండ్రి!" అన్నాడు ఒక స్వామి. ఇల్లంతా నవ్వు.

చంద్రవ్వ నవ్వలేదు. చేతిలో గరిటె అట్లాగే ఉంది. మెల్లగా మొగుడి వైపు తిరిగింది.

"ఏమయ్యా, మల్ల షురూ జేసినవా? గా పసిదాని ముంగటనా? దవడ పోయినా బుద్ధి రాలే నీకు?"

సిద్దిరాములు తల అడ్డంగా ఊపాడు. ఏదో అనబోతే మాట చెంపలోనే చిక్కుకుంది. అప్పుడు కొడుకు వైపు చూశాడు. ఆ చూపులో తెలియనిదేమీ లేదు. కానీ తలదించుకున్నాడు, తిట్లు తన వంతేనన్నట్టు.

సాగర్ విస్తరిలోని అన్నాన్ని అటు నెట్టి ఇటు నెట్టాడు.

"అవ్వా, జర ఆగు. మల్ల జేస్తుంది సూడు," అంది వనజ.

నవ్వులకు హుషారెక్కి బుడ్డి మళ్ళీ మొదలుపెట్టింది. రుద్దింది, చరిచింది. ఈసారి ఏదీ మరిచిపోలేదు. మెడ సాచి అటు చూసింది, ఇటు చూసింది, ఆ తర్వాత పెట్టుకుంది.

"బాపు ఎన్నడన్న అటు ఇటు సూసి తిన్నడా అవ్వా?" అంది వనజ. "అరుగు మీద కూసోని బాజాప్తా తింటుండె. గిది దొంగసాటుంగ తినేటోని సూపు."

గరిటె సాగర్ వైపు తిరిగింది. స్వాములూ తిరిగారు.

బుడ్డి ఆట ఇంకా అయిపోలేదు. పెదవి కింద పెట్టుకున్నాక వచ్చి తాత పక్కన కూలబడింది. ఎడమ చెంపను అరచేతిలో పెట్టుకుని, తల ఒక పక్కకు వాల్చింది.

సాగర్ మోకాలు ఆగిపోయింది.

"బాపు గాదవ్వా. నేనే."

చంద్రవ్వ గరిటెను పప్పు గిన్నెలో పెట్టేసింది.

"ఒక్కపారే అవ్వా. అంజన్న మీద..."

బుడ్డి చెంప మీది చేయి తీసి, మళ్ళీ అరచేయి చాపింది. సాగర్ ఆ అరచేతిని చూశాడు.

"లేదు. రోజు తిన్న. దాన్ని సంకనేసుకోనే తిన్న."

"పొట్లం ఏడున్నది, సాగర్?"

మాల వేసుకున్నాక తల్లి అతన్ని పేరుతో పిలవడం అదే మొదలు.

"కండెల డబ్బల," అన్నాడు సాగర్, అటూ ఇటూ చూడకుండా.