అటు తిరిగినవాళ్ళు

ప్రార్థన మందిరంలో వేదిక వెనక గోడ ఇరవై అడుగుల వెడల్పు. దాని మీద పరలోకం వేయమని బోర్డుల మేస్త్రికి అప్పజెప్పారు. జన్మంతా దుకాణాల బోర్డులు రాసినవాడికి పరలోకం ఏం తెలుసని సంఘంలో కొందరు మూతి విరిచారు గానీ, పాస్టరు అయ్యగారు వినలేదు. "భార్య పోయి మూడు నెలలైంది. మనిషి మాటా పలుకూ లేకుండా అయిపోతున్నాడు. చేతికి పని ఉండనీయండి," అన్నాడు. మంచి మనసుతోనే అన్నాడు. ఆ పని ఆ మనిషిని ఏం చేస్తుందో ఆయనకు మాత్రం ఏం తెలుసు!

మధ్యలో సింహాసనం. అక్కడ, వధింపబడినట్టున్న గొర్రెపిల్ల రూపంలో ప్రభువు. చుట్టూ కిరీటాలు తీసి కింద పెట్టేసి సాగిలపడిన ఇరవై నలుగురు పెద్దలు. ఇంతవరకూ ఏ పేచీ లేదు. పేచీ అంతా కింద నిలబడాల్సిన జనంతోనే వచ్చింది. తెల్లని వస్త్రాలు వేసుకుని, ఎవరూ లెక్కపెట్టలేనంత మంది ప్రభువును ఆరాధిస్తూ ఉండాలి. ఆ జనంలో తమవాళ్ళ ముఖాలు వేయమని సంఘమంతా ఫోటోలు పట్టుకుని వచ్చి పడింది. సంఘపెద్ద వాళ్ళ నాన్నకి ముందు వరసే కావాలట! పోయినాయన అక్కడైనా కాస్త తగ్గి నిలబడదామనుకున్నాడేమో గానీ, ఉన్నవాళ్ళు నిలబడనిస్తేగా. ఇంకొకావిడ, "మా ఆయనకి మీసం కాస్త దట్టంగా పెట్టు మేస్త్రీ. ఉన్నన్నాళ్ళూ నేనే పెంచనివ్వలేదు," అని నవ్వబోయి, చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది.

మేస్త్రి అందరికీ తలూపాడు, అందరినీ వేశాడు. ఎడమవైపు చివర తన భార్యని వేశాడు. ఆమెకు ఫోటో అక్కర్లేకపోయింది.

జనం పూర్తయ్యాక ఒకరోజు అత్తగారు వచ్చి చూసింది. కూతురు పోయాక కూడా అల్లుడింట్లోనే ఉండి వండిపెడుతున్న ముసలావిడ. కళ్ళు సగమే పనిచేస్తాయి, నోరు మాత్రం నిండుగా పనిచేస్తుంది. గోడకి ముక్కు ఆనించి ఈ చివర నుంచి ఆ చివరకి నడిచి, "అదేంటయ్యా, అందరూ ప్రభువుకి వీపు పెట్టి నిలబడ్డారు? ఫోటో దిగడానికి వచ్చారా, ఆరాధనకి వచ్చారా?" అంది.

మందిరం ఊడుస్తున్నవాళ్ళ చేతులు ఆగిపోయాయి. నిజమే మరి! ఇన్నాళ్ళూ ఒక్కరికీ తట్టలేదు. మనవాళ్ళు మనల్ని చూడాలన్న ఆశలో పడి, వాళ్ళు ఎవరి ముందు నిలబడ్డారో అందరూ మరిచిపోయారు. అయ్యగారు రెండు రోజులు ఆలోచించి, అందరినీ అటు తిప్పేయమన్నాడు. గొడవ జరగకుండా ఉంటుందా? సంఘపెద్ద అలిగి ఒక ఆదివారం ఆరాధనకే రాలేదు. మీసం అడిగినావిడ గోడ ముందు కూర్చుని ఏడ్చింది. ఆఖరికి ఒక్కొక్కరే సరేనన్నారు. మేస్త్రి ముఖాల మీద జుట్టు వేసుకుంటూ, ఒక్కొక్కరినే గొర్రెపిల్ల వైపు తిప్పుకుంటూ పోయాడు.

ఒక్క ముఖం మిగిలింది. ఊరంతా ఒక దారి, ఉలిపికట్టెదొక దారి అన్నట్టు, అంతమంది వీపుల మధ్య ఆమె ఒక్కతే ఇటు చూస్తోంది. తెల్లారితే ఆదివారం, గోడని అందరికీ చూపించే రోజు. శనివారం మధ్యాహ్నం మేస్త్రి కుంచె పట్టుకుని ఆమె ముందు స్టూలేసుకుని కూర్చున్నాడు. చెయ్యి లేవడం లేదు.

ఎలా లేస్తుంది! ఆమె ఆసుపత్రిలో ఉన్న చివరి రోజు అతను పక్క ఊళ్ళో ఒక పెద్ద బోర్డు రాస్తున్నాడు. ఈ ఒక్క అక్షరం అయిపోనీ, ఈ ఒక్క అక్షరం అయిపోనీ అనుకుంటూ సాయంత్రం చేశాడు. వచ్చేసరికి ముఖం మీద దుప్పటి కప్పేశారు. ఆఖరి చూపు దక్కలేదు. అందుకే గోడ మీద ఆ కళ్ళు తనకోసమే వేసుకున్నాడు, తననే చూసేట్టు వేసుకున్నాడు. ఇప్పుడు వాటిని తన చేత్తోనే చెరిపేయాలట.

అత్తగారు క్యారేజీ తెచ్చింది. "తిను."

"ఆకలిగా లేదత్తయ్యా."

ఆమె గోడ వైపు చూసింది. "దాన్ని ఇంకా తిప్పలేదా?"

"అయ్యగారిని అడుగుతాను. ఒక్కదాన్ని ఉంచేస్తే ఎవరికేం పోయింది?"

"మరి మీసం అడిగినావిడకి ఏం చెప్తావు?"

మేస్త్రి కుంచె పక్కన పెట్టాడు. ఐదు నెలలుగా లోపలే దాచుకున్న మాట అడిగేశాడు. "అత్తయ్యా, ఆ రోజు నాకోసం చూసిందా?"

ముసలావిడ బల్ల మీద కూలబడింది. "కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందని ఇన్నాళ్ళూ నోరు మూసుకున్నాను. చూసిందయ్యా. మధ్యాహ్నం దాకా తలుపు వైపే చూసింది. నీకు అబద్ధం ఎందుకు చెప్పాలి? తర్వాత మానేసింది."

"నా మీద కోపమొచ్చిందా?"

"కోపం కాదు. పెదాలు కదుపుతూ స్తోత్రం, స్తోత్రం అంటోంది. కళ్ళు ఎక్కడో పైన ఉన్నాయి. నేను పిలిచాను. చెయ్యి పట్టుకుని గట్టిగా పిలిచాను. కన్నతల్లిని కదా, ఒక్కసారన్నా తిరుగుతుందనుకున్నాను. నా వైపు కూడా తిరగలేదు అల్లుడూ. నీకు దక్కలేదని నువ్వు ఏడుస్తున్నావు. పక్కనే కూర్చున్నదాన్ని, నాకూ దక్కలేదు."

మేస్త్రి ఆమెనే చూస్తూ ఉండిపోయాడు. ఇన్నాళ్ళూ ఇంట్లో దుఃఖం తనొక్కడిదే అనుకున్నాడు. ఆమె వండితే తిన్నాడు, ఆమె ఏడ్చిందో లేదో చూడలేదు. సిగ్గేసింది.

కుంచె నల్ల రంగులో ముంచాడు. ముందు నుదురు, తర్వాత బుగ్గలు, నోరు. కళ్ళ దగ్గర ఆగి, వాటినీ కప్పేశాడు.

"పోయాయా?" అంది వెనక నుంచి అత్తగారు.

"పోయాయత్తయ్యా."

ఇక జుట్టు ముడి, మెడ, భుజాలు వేయాలి. కుంచె మళ్ళీ ఆగిపోయింది. వెనక నుంచి ఆమె ఎలా ఉండేదో ఎంత తలుచుకున్నా గుర్తు రావడం లేదు. ఇరవై రెండేళ్ళ కాపురంలో రోజూ పొద్దున్నే రంగు డబ్బాలు తగిలించుకుని వెళ్ళిపోయేవాడు తను. గుమ్మంలో నిలబడి చూసేది ఆమె. అతని వీపు ఆమెకు బాగా తెలుసు. ఆమె వీపు అతనికి తెలియదు.

"అత్తయ్యా, వెనక నుంచి ఎలా ఉండేది?" అన్నాడు.

ముసలావిడ లేచింది. "అచ్చం నాలాగే. వీధిలో వాళ్ళు నన్ను చూసి దాని పేరు పెట్టి పిలిచేవాళ్ళు," అంది. మోకాళ్ళు పట్టుకుంటూ వేదికెక్కి, ఆ బొమ్మ పక్కనే గొర్రెపిల్ల వైపు ముఖం పెట్టి నిలబడింది. "వెయ్యి. త్వరగా కానియ్, కాళ్ళు లాగుతున్నాయి."

మేస్త్రి స్టూలు వెనక్కి జరుపుకుని వేయడం మొదలుపెట్టాడు. ముడి, మెడ, కాస్త ఎడమకి వాలిన భుజం. కొంతసేపటికి ఆ భుజాలు వణకసాగాయి.

"కదలకు అత్తయ్యా," అన్నాడు.

"కదలట్లేదయ్యా," అందామె, ఇటు తిరగకుండానే.