అలికిడి లేని ఇల్లు

ఒంటరిగా ఉండేవాళ్ల కోసం గోడకు తగిలించే చిన్న పరికరాన్ని తయారుచేసే కంపెనీలో అతను ప్రోగ్రామరు. ఇంట్లో రోజంతా అలికిడి లేకపోతే ఆ పరికరం ఆఫీసుకు కబురు పంపాలి. అక్కడివాళ్లు ఫోన్ చేసి మంచీచెడూ కనుక్కోవాలి. భార్య విడిపోయి వెళ్లాక అతనూ ఒకటి తెచ్చి హాల్లో పెట్టుకున్నాడు. పరీక్షించడానికని ఆఫీసులో చెప్పాడు.

ఒక శుక్రవారం సాయంత్రం జ్వరం ముంచుకొచ్చింది. పడకగది గడప దాటలేకపోయాడు. దాహమేస్తే పక్కనున్న బాత్రూం కుళాయి నీళ్లే తాగి మళ్లీ ముడుచుకున్నాడు. ఆదివారం మధ్యాహ్నం కాస్త తేరుకుని ఫోన్ చూస్తే ఒక్క పిలుపూ లేదు. మనుషుల సంగతి సరే, తన పరికరం కూడా తనని పట్టించుకోలేదు. అదే ఎక్కువ గుచ్చుకుంది.

నీరసంగానే కోడ్ తెరిచాడు. ఆఖరి కదలిక నుంచి గడిచిన సెకన్లను, మెమరీ ఆదా అవుతుందని, ఎవరో పదహారు బిట్ల ఇంటిజర్‌లో దాచారు. దానిలో పద్దెనిమిది గంటలకు మించి పట్టవు. ఆపైన లెక్క మళ్లీ సున్నాకొస్తుంది. రోజు నిండేదెప్పుడు? పరీక్షల్లో పది నిమిషాల గడువే పెట్టేవారు గనక తప్పు బయటపడలేదు.

ముప్ఫై రెండు బిట్లకు మార్చి, సోమవారం పొద్దున్నే మేనేజరుకు చూపించాడు. వచ్చే నెల మిగతా మార్పులతో కలిపి పరికరాలకు పంపుదామన్నాడాయన. ఇన్నాళ్లూ ఎవరూ ఫిర్యాదు చెయ్యలేదుగా అని కూడా అన్నాడు.

"ఫిర్యాదు చేసే ఓపికుంటే ఇదెందుకు సార్ వాళ్లకి?"

మేనేజరు ఇప్పుడే పంపెయ్యమన్నాడు.

మర్నాడు పరికరాల నుంచి కబుర్లు రావడం మొదలైంది. ఫోన్లు చెయ్యడానికి అతనూ కూచున్నాడు. చాలావరకు ఊరెళ్లినవాళ్ల ఇళ్లే. ఒక ఇంట్లో మాత్రం రిటైరైన నర్సు ఫోనెత్తింది.

"కిందేం పడలేదు బాబూ. లేవాలనిపించలేదు, అంతే. ఇంతకుముందెప్పుడూ ఫోన్ చెయ్యలేదే మీరు?"

అతను దాచలేదు. పరికరంలో తప్పుందనీ, తన జ్వరం వల్లే తెలిసిందనీ చెప్పాడు.

"ఇప్పుడెలా ఉంది ఒంట్లో?"

ఆ మాట అంతవరకూ ఎవరూ అడగలేదు. పర్లేదన్నాడు.

"పర్లేదంటే? ఏమన్నా తిన్నావా అసలు?"

లేదన్నాడు.

"నేనూ తినలేదు. ఉండు, పొయ్యి వెలిగించొస్తా. ఫోన్ పెట్టెయ్యకు."

ఫోన్లో ఆమె మంచం కిర్రుమంది. చెప్పుల చప్పుడు మెల్లగా దూరమైంది. అతను ఫోన్ చెవికి ఆనించుకుని అలాగే కూచున్నాడు.