ముందున్న వీపులు

మూడో కిలోమీటరు దాటేసరికి మధులతకు కడుపులో తిప్పడం మొదలైంది. అది 2007 ఆగస్టు పదిహేను. కడపలో ఒక యువజన సంఘం వాళ్ళు పొద్దున ఆరున్నరకు పెట్టిన ఐదు కిలోమీటర్ల పరుగు. మొదటి కిలోమీటరంతా ఆమె కాలేజీ పిల్లలతో సమానంగా పరిగెత్తింది. ఇప్పుడు ఆ పిల్లలు కనుచూపు మేరలో లేరు. వెనక నుంచి ఒక్కొక్కరే వచ్చి ఆమెను దాటిపోతున్నారు. వాళ్ళలో ఒకామెకు నలభై ఐదేళ్ళు ఉంటాయి. పాత పంజాబీ డ్రెస్సు, నడుముకు బిగించి కట్టిన చున్నీ, కాళ్ళకు బడిపిల్లలు వేసుకునే తెల్ల కాన్వాస్ బూట్లు.

"నోరు మూసి ఊపిరి పీల్చు మేడమ్. దుమ్ము పోతాది" అని చెప్పి మరీ ముందుకు పోయిందామె.

మధులత ముప్పై నాలుగు నిమిషాలకు గీత దాటి, పక్కనున్న తుమ్మచెట్టు మొదట్లో వాంతి చేసుకుంది. నోరు కడుక్కుని వచ్చేసరికి బహుమతులు ఇస్తున్నారు. ముప్పై ఏళ్ళు దాటిన ఆడవాళ్ళలో మొదటి బహుమతి స్టీలు బిందె. దాన్ని చంకన పెట్టుకుని దిగుతున్నది ఇందాకటి కాన్వాస్ బూట్లామె.

అసలు మధులతకు ఐదు కిలోమీటర్ల మీద ఆశ లేదు. ఆమె కడప జూనియర్ కాలేజీలో జంతుశాస్త్రం చెప్పే లెక్చరర్. ఆ ఏడాది జనవరిలో బంధువుల పెళ్ళికని ముంబై పోయినప్పుడు, ఆదివారం పొద్దున రోడ్డు దాటడానికి వీలు లేక గంటసేపు ఫుట్‌పాత్ మీద నిలబడాల్సి వచ్చింది. రోడ్డు నిండా మారథాన్ పరిగెత్తేవాళ్ళు. అప్పటికే నాలుగు గంటలైందట మొదలై. టీవీలో చూపించే సన్నటి మనుషులు ఎప్పుడో పోయారు. వస్తున్నవాళ్ళు లావుపాటివాళ్ళు, ముసలివాళ్ళు, కుంటేవాళ్ళు. వాళ్ళ మధ్య తన తల్లి వయసున్న ఒక భారీ మనిషి కాసేపు నడుస్తూ, కాసేపు పరిగెత్తుతూ, తనలో తాను నవ్వుకుంటూ పోయింది. ముప్పై ఐదు కిలోమీటర్లు కాళ్ళీడ్చిన మనిషికి నవ్వొచ్చే సంగతి ఏముంటుంది? కండరాల్లో ఏం జరుగుతుందో మధులత పదేళ్ళుగా నల్లబల్ల మీద బొమ్మ గీసి చెబుతోంది. ఆ నవ్వు మాత్రం ఏ పాఠంలోనూ లేదు. పెళ్ళి భోజనం దగ్గర కూడా అదే ఆలోచన. ఊరికొచ్చిన వారానికే బూట్లు కొనుక్కుంది.

"మోకాళ్ళు పోతే నా దగ్గర స్పేర్ పార్టులు లేవు" అన్నాడు భర్త భూపేష్. అతనికి రైతులకు మోటారు పంపులు అమ్మే కొట్టు ఉంది. అలా అన్నాడే గాని, పొద్దున ఐదింటికి గడియారం మోగితే ముందు లేచి పాలు కాచేది అతనే.

ఆమెకు పరుగు నేర్పుతున్నది బాలస్వామి. మిలిటరీలో సుబేదారుగా చేసి వచ్చి, పోలీసు ఉద్యోగాలకు పోయే పిల్లలకు మైదానంలో తర్ఫీదు ఇస్తుంటాడు. నెలకో చిన్న పందెంలో పరిగెత్తి తీరాలని ఆయన పట్టు పట్టాడు.

"నాకు కావాల్సింది నలభై రెండు కిలోమీటర్లు సార్. ఐదుతో ఏమొస్తాది?" అని అడిగింది మధులత.

"అదేదో పోయి సూసి రామ్మా" అన్నాడు.

చూసి వచ్చిన తర్వాత తెలిసింది. ఒక్కతే పరిగెత్తేటప్పుడు బుద్ధిగా ఉండే కాళ్ళు, పక్కన మనుషులు ఉంటే చెప్పిన మాట వినవు. అది తెలుసుకోవడం ఒక ఎత్తు. ఆ బిందె ఆవిడ ఎలా గెలిచిందన్నది ఇంకో ఎత్తు. బస్టాండు దారిలో ఆమెను పట్టుకుని అడిగేసింది.

"మొదట్లో నువ్వు నా వెనకే ఉండావు కదక్కా. నేను అలిసిపోతానని నీకెట్లా తెలుసు?"

"నీ వీపు సూసినా" అందామె.

ఆమె పేరు లక్ష్మీదేవమ్మ. ఊరు కమలాపురం దగ్గర, పాపాఘ్ని ఏటి ఒడ్డున. నలభై మేకలున్నాయి. ఆరేళ్ళ కిందట చిన్నకొడుకు బడిలో తల్లులకు పరుగు పందెం పెడితే క్యారియర్ గెలిచింది. అప్పటి నుంచి పేపర్లో పందెం కబురు కనబడితే ఆ బడి అయ్యవారు చెప్పి పంపుతాడు. ఆమె ఇంట్లో కుక్కరు, గోడ గడియారం, రెండు హాట్‌ప్యాకులు అన్నీ అలా వచ్చినవే. బూట్లు ఆ చిన్నకొడుకువి.

ఆ తర్వాతి ఆదివారమే మధులత కమలాపురం బస్సెక్కింది. ఎండిన ఏటి ఇసుకలో మేకల వెనక ఇద్దరూ నడిచారు.

"ఆ మచ్చల మేకను సూడు. ఏం కనపడతాండాది?"

"బాగానే నడుస్తాండాది కదక్కా."

"సరిగ్గా సూడు. ఎడమ తుంటి రవ్వంత పైకి లేస్తాండాది. పొద్దు గుంకేలోపల కుంటుతాది. మనుషులు గూడా అంతే. అలుపు మొగానికి రాకముందే వీపుకొస్తాది. మెడ లోపలికి పోతే ఇంక వాళ్ళ పని అయిపోయినట్టే. మోచేతులు రెక్కల మాదిరి దూరం జరిగితే ఇంకో కిలోమీటరు. నేను వాళ్ళ వెనకాల ఉంటా, అంతే."

సాయంత్రం నాలుగింటికి మచ్చల మేక కుంటడం మొదలుపెట్టింది. మధులతకు చిన్నపిల్లలా చప్పట్లు కొట్టాలనిపించింది. మరుసటి రోజు నుంచి మైదానంలో పోలీసు పిల్లల వెనక పరిగెత్తుతూ, ఎవరు ఎన్నో చుట్టులో ఆగిపోతారో ముందే అనుకుని చూసుకునేది. మొదట పదిలో మూడే కుదిరేవి. అక్టోబరు చివరికి ఏడు.

నవంబరు మొదటి ఆదివారం కర్నూలులో పది కిలోమీటర్ల పరుగు. ఇద్దరూ కలిసి ముందు రోజే బస్సెక్కి, మధులత పెద్దమ్మ ప్రేమమ్మ ఇంట్లో దిగారు. బస్సులో లక్ష్మీదేవమ్మ మంచి హుషారుగా ఉంది.

"ముప్పై దాటినోళ్ళకి ఫస్టు ప్రైజు మిక్సీ అంట. రుబ్బీ రుబ్బీ మా పెద్దకోడలికి నడుము పట్టేసింది. ఉత్త చేతులతో రావద్దని చెప్పింది."

కొండారెడ్డి బురుజు దగ్గర మొదలై, నంద్యాల రోడ్డు మీద ఐదు కిలోమీటర్లు పోయి తిరిగి రావాలి. ఈసారి మధులత మొదట్లో ఎవరినీ పట్టించుకోలేదు. ముందు పోతున్న వీపుల్ని చూస్తూ, ఒక్కొక్కటే పక్కకు జరుగుతుంటే లెక్క సరిపోయినందుకు లోపల సంబరపడుతూ పరిగెత్తింది. ఎనిమిదో కిలోమీటరుకు తమ వయసు వాళ్ళలో ముందు మిగిలింది ఒక్క లక్ష్మీదేవమ్మే. ఆమె వీపు పది అడుగుల దూరంలో ఉంది. ఆ వీపును ఇంత దగ్గరగా, ఇంత సేపు చూడటం ఇదే మొదలు.

తొమ్మిదో కిలోమీటరు దగ్గర ఆమె కుడి భుజం జారింది. అడుగు పడినప్పుడల్లా ఇంకొంచెం జారుతోంది. ఇంకో ఐదు నిమిషాల్లో ఈమె నెమ్మదిస్తుంది అనుకుంది మధులత. గెలవాలని కాదు, తాను ఆ వీపులో చదివింది నిజమో కాదో చూడాలనిపించింది. వేగం పెంచింది. లెక్క తప్పలేదు. బురుజు కనబడే మలుపులో ఆమెను దాటి, అరవై రెండు నిమిషాలకు గీత తొక్కింది. మిక్సీ పెట్టె చేతిలో పెట్టి ఫోటో తీసేదాకా ఆమెకు కోడలి నడుము సంగతి గుర్తు రాలేదు.

"అక్కా, ఇది నువ్వే తీసుకుపో. మాకుండాది" అని పెట్టె ముందుకు చాపింది.

లక్ష్మీదేవమ్మ ముఖం గట్టిపడింది. "మా ఇంట్లో ఉండేటివన్నీ నేను పరిగెత్తి తెచ్చినవి మేడమ్. ఇచ్చినవి ఒక్కటీ లేవు" అని బస్టాండు వైపు నడిచింది.

బస్సులో పక్కపక్కనే కూర్చున్నారు గానీ నంద్యాల దాటినా మాట లేదు. మిక్సీ పెట్టె మధులత కాళ్ళ దగ్గర ఇరుకుగా ఉంది. ఆళ్ళగడ్డలో టీకి ఆగినప్పుడు లక్ష్మీదేవమ్మే నోరు విప్పింది.

"ఏం కనపడింది?"

"ఏందక్కా?"

"నా వీపులో. ఏం కనపడితే దాటినావు?"

మధులత ఆమె కుడి భుజం వేలితో చూపించింది. "కుడి భుజం జారిందక్కా. తొమ్మిదో కిలోమీటరు కాడ. కుడికాలు నేలకు ఆనినప్పుడల్లా కిందికి పోతాండాది."

లక్ష్మీదేవమ్మ టీ గ్లాసు కింద పెట్టింది. ఎడమ చెయ్యి వెనక్కి పోనిచ్చి కుడి భుజం తడిమి చూసుకుంది. ఒంగింది, లేచింది, మళ్ళీ తడిమింది. పక్క బల్ల మీదున్నవాళ్ళు ఆమెనే చూస్తున్నారు.

"నలభై అయిదేండ్లొచ్చినాయి" అంది చివరికి. "లోకంలో అందరి వీపులూ సూసినా. నాది ఎట్లుంటాదో నేను యాపొద్దూ సూసుకోల్యా. ఎవురూ చెప్పనూ ల్యా." కోపం ఎటు పోయిందో గాని, ఆమె కళ్ళు మచ్చల మేకను చూపించిన రోజులాగా మెరుస్తున్నాయి. "ఎందుకు జారుతాదంటావ్?"

"తెలీదక్కా. సూద్దాం."

ఆ తర్వాత ఆదివారాలు ఇద్దరూ వంతుల ప్రకారం ఒకరి వెనక ఒకరు పరిగెత్తారు. బాలస్వామి దగ్గరికి కూడా తీసుకుపోయింది మధులత. ఆయన లక్ష్మీదేవమ్మను నాలుగు చుట్లు పరిగెత్తించి, బూట్లు విప్పమన్నాడు. కుడి బూటులో ముందు భాగాన పేపరు ముక్కలు కుక్కి ఉన్నాయి. మడమ ఒకవైపే అరిగి పలచబడింది.

"ఇది నీ కొలత కాదు కదమ్మా. కాలు లోపల జారకుండా కాలి వేళ్ళు బిగపట్టి పరిగెత్తుతాండావు. ఆ బిగువంతా పైకి, భుజానికి పోతాండాది" అన్నాడు.

ఆమె ఆ సాయంత్రమే కడప బజారుకు పోయి, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి తన పాదం కొలిపించుకుని, తన కొలతకు సరిపోయే బూట్లు కొనుక్కుంది. "నా కాలు ఇంత చిన్నదని తెలీదు" అని దారంతా నవ్వుతూనే ఉంది.

డిసెంబరులో ప్రొద్దుటూరులో పదిహేను కిలోమీటర్ల పందెం. బాలస్వామి మధులతకు ముందే చెప్పాడు. "ఇది నువ్వు గెలిచే పందెం గాదు. వచ్చే జనవరి ముంబైలో యట్ల పరిగెత్తాల్నో అదే నడకలో పోవల్ల. ఎవురు దాటిపోయినా పోనీ."

అది ఆమెకు గెలవడం కంటే కష్టమైంది. ముందున్న వీపుల్లో ఎవరు అలిసిపోతారో తెలుస్తూనే ఉంది. కాళ్ళు ఉరకమంటున్నాయి. పళ్ళు బిగించి అదే వేగంలో పోయింది. లక్ష్మీదేవమ్మ చిన్నగా ముందుకు సాగి దూరమైంది. ఆమె భుజాలు రెండూ సమంగా ఉన్నాయి. కనబడినంత దూరం మధులత వాటినే చూసింది. అసూయ ఉందేమోనని లోపల వెతుక్కుంటే అది దొరకలేదు. పదిహేను కిలోమీటర్లు పూర్తయినా ఇంకా ఊపిరి మిగిలి ఉందన్నది మాత్రం కొత్తగా తెలిసింది.

లక్ష్మీదేవమ్మకు ఇస్త్రీపెట్టె వచ్చింది. "మా ఇంట్లో ఇస్త్రీ చేసుకునే బట్టలు ఎవురికుండాయి?" అని దాన్ని ఎగాదిగా చూసుకుంది. మిక్సీ మధులత ఇంట్లోనే ఉండిపోయింది. భూపేష్ అందులో శెనక్కాయల పొడి కొట్టాడు.

జనవరిలో ముంబైకి బయలుదేరే సమయానికి భూపేష్‌కు కొట్టు వదిలి రావడం కుదరలేదు.

"నేనొస్తా" అంది లక్ష్మీదేవమ్మ. "పరిగెత్తను. అన్ని వేలమంది పోతారంట గదా, సూస్తా. మేకల్ని నాలుగు దినాలు నా పెద్దకొడుకు తోల్తాడు."

కడప స్టేషన్‌లోనే ముంబై రైలెక్కారు. పరుగు రోజు పొద్దున లక్ష్మీదేవమ్మను గీత దగ్గర కంచె పక్కన నిలబెట్టి, అక్కడి నుంచి కదలొద్దని పదిసార్లు చెప్పి, మధులత గుంపులో కలిసింది.

మొదటి సగం ఆమెకు ప్రొద్దుటూరు లాగే గడిచింది. ముప్పై కిలోమీటర్ల తర్వాత కాళ్ళు తనవి కావన్నట్టు అయ్యాయి. నడిచింది, పరిగెత్తింది, మళ్ళీ నడిచింది. ముప్పై ఐదో కిలోమీటరు దగ్గర నవ్వు రాలేదు. ఏడుపు కూడా రాలేదు. చెప్పాలంటే ఆకలి వేసింది, వేడి ఉగ్గాని, బజ్జీ కళ్ళ ముందు కదిలాయి. అంత దూరం వచ్చి తెలుసుకున్నది ఇదా అనుకుంటే, ఆ అనుకోవడానికి మాత్రం చిన్నగా పెదవి కదిలింది. ఆ ముంబై ఆవిడ ఎందుకు నవ్వుకుందో ఆమెకు ఇక ఎప్పటికీ తెలియదు. తెలియకపోయినా ఫరవాలేదనిపించింది. ఐదు గంటల ఇరవై ఒక్క నిమిషాలకు గీత దాటింది. ఎవరో మెడలో పతకం వేశారు. కొట్టులో ఉన్న భూపేష్‌కు ఫోన్ చేస్తే, "మోకాళ్ళు?" అన్నాడు. "ఉండాయి" అంది.

కంచె దగ్గర లక్ష్మీదేవమ్మ లేదు. గంటసేపు కుంటుకుంటూ వెతికితే, అరటిపండ్లు పంచే బల్ల వెనక, నేల మీద ఎవరో ఒకాయనతో కూర్చుని ఉంది.

"నువ్వొచ్చినావా! కూర్చో, కూర్చో" అని చెయ్యి పట్టి లాగింది. "నీకొకటి చెప్పల్ల. కండ్లు కనపడనాయప్ప ఒకాయన పరిగెత్తినాడు. ఆయప్ప చేతికీ, పక్కనున్నాయప్ప చేతికీ నడుమ చిన్న తాడు. గీత దాటినాక అందరూ కనపడనాయప్పను ఎత్తుకున్నారు. తాడు పట్టుకున్నాయప్పను ఎవురూ పలకరించల్యా. ఆయనా అంతే దూరం పరిగెత్తినాడు గదా! నాకి మనసు పట్టల్యా. పోయి అడిగినా."

"ఏమని అడిగినావక్కా? ఏ భాషలో?"

"తెలుగులోనే. పరిగెత్తేటప్పుడు నువ్వు దావను సూస్తావా, ఆయప్పను సూస్తావా అని."

పక్కన కూర్చున్న మనిషి ఇద్దరినీ చూసి నవ్వాడు. అతని మణికట్టుకు నీలం తాడు ఇంకా కట్టే ఉంది.

"ఆయనకి మన మాట రాదు, నాకి ఆయన మాట రాదు. గంట నుంచి చేతులూపి చెప్తాండాడు, నాకి అర్థం కాల్యా" అంది లక్ష్మీదేవమ్మ. "నువ్వు హిందీలో అడుగు."

మధులత వీపును బల్లకు ఆనించి, కాళ్ళు బార చాపి కూర్చుంది. అరటిపండు ఒలుచుకుంటూ, తనకు వచ్చినంత హిందీలో ఆ ప్రశ్న అడిగింది.